శ్రమకాలపు ఆదివారాల్లో మీ సంఘంలో ఆరాధన ఎలా జరుగుతుంది?

దివిసీమ_గళం · ఫిబ్రవరి 23

అందరికీ వందనాలు. మాది దివిసీమలో ఒక పల్లెటూరి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా) సంఘం. క్వయర్, అంటే పాటల బృందం బాధ్యత నాది. నిన్న శ్రమకాలపు (ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, లెంట్) మొదటి ఆదివారం కదా, ఆరాధన అయ్యాక గుడి అరుగు మీదే పెద్ద చర్చ నడిచింది. ఈస్టర్ వరకు ఆదివారం ఆరాధనలో డోలక్, ప్యాడ్, చప్పట్లు ఏవీ వద్దని పెద్దలు అంటున్నారు. హార్మోనియం ఒక్కటి చాలట. హల్లెలూయ ఉన్న పాటలు కూడా పక్కన పెట్టమన్నారు. బల్ల మీద పూలు ఎలాగూ తీసేశాం, ఊదా గుడ్డ వేశాం. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

యూత్ పిల్లలు మాత్రం చిన్నబుచ్చుకున్నారు. "ఆదివారం అంటే ప్రభువు లేచిన రోజు కదన్నా, ఆ రోజు కూడా ఏడుపు పాటలేనా?" అని ఒకడు అడిగాడు. మెయిన్ రోడ్డు మీద ఇంకో మందిరం ఉంది, అక్కడ ఏడాది పొడుగునా డ్రమ్స్ మోగుతూనే ఉంటాయి. ఈ ఆరు వారాలు అటు వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారో రారో అని నాకు టెన్షన్‌గా ఉంది. అలాగని పెద్దల మాట తీసిపారేసేది కాదు. చిన్నప్పటి నుంచి ఈ నలభై రోజులనూ భయభక్తులతో గడిపిన మనుషులు వాళ్లు.

ఒక పద్ధతి రాసుకురమ్మని పాస్టర్ గారు నాకే అప్పజెప్పారు, కమిటీలో పెడతారట. మీ దగ్గర ఏం చేస్తారో కాస్త వివరంగా చెప్పండి.

గుంటూరు_లూథరన్ · ఫిబ్రవరి 23

వందనాలు బ్రదర్. 1842లో హేయర్ గారు గుంటూరులో మొదలుపెట్టిన మిషన్ నుంచి వచ్చిన సంఘాలం మేము. సంఘ సంవత్సరం ప్రకారం నడుచుకోవడం మాకు మొదటి నుంచీ ఉన్నదే. హల్లెలూయ ఆపుతాం, వాయిద్యాలు ఆపం. డోలక్ ఉంటుంది గానీ దరువు నెమ్మదిగా ఉంటుంది, పాట మధ్యలో వేగం పెంచి ఊపేయడం ఉండదు.

ఇంకొకటి గమనించండి. మాకు బుధవారం సాయంత్రం వేరే శ్రమకాల ఆరాధన ఉంటుంది. గెత్సేమనే నుంచి సమాధి దాకా శ్రమ చరిత్రను వారానికి కొంత చొప్పున అందులో చదువుతాం. కన్నీళ్లు, ఒప్పుకోలు, పశ్చాత్తాపం అంతా ఆదివారం మీదే పడకుండా ఆ బుధవారం కొంత మోస్తుంది. మీకు వారం మధ్యలో గృహ కూటాలు ఉన్నాయా?

దివిసీమ_గళం · ఫిబ్రవరి 23

ఉన్నాయండి. రోజుకో ఇంట్లో పెడతాం. చాప పరిచి, రెండు పాటలు, వాక్యం, ప్రార్థన, చివర్లో టీ. ఆదివారం ఒక్కరోజే ఇంటి కూటం ఉండదు. మీరు చెప్పాక ఇప్పుడు ఆలోచిస్తున్నాను, ఆ ఒక్కరోజు ఎందుకు వదిలారో మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు.

ఫిరంగిపురం_ఉపదేశి · ఫిబ్రవరి 24

మీ ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది తమ్ముడూ. శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం ఈ ఏడాది ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. 18 నుంచి ఏప్రిల్ 4 దాకా లెక్కపెట్టండి, 46 రోజులు వస్తాయి. అందులో ఆదివారాలు ఆరు. అవి తీసేస్తేనే నలభై. అంటే ఆదివారం తపస్కాలం (కథోలికులం మేం శ్రమకాలాన్ని అలా అంటాం) మధ్యలో ఉంటుంది గానీ ఉపవాస దినాల్లో లేదు. తిరుసభ ఈ మాట ఇవాళ కొత్తగా చెబుతున్నది కాదు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ, ఆదివారాల్లో మోకరించకుండా నిలబడి ప్రార్థించమని నియమం పెట్టింది. నిలబడటం పునరుత్థానానికి గుర్తు. కాబట్టి మీ కుర్రాడు అడిగింది పిల్లచేష్ట కాదు, పదిహేడు వందల ఏళ్ల నాటి ప్రశ్న. వాణ్ణి కోప్పడకండి.

అయితే మీ పెద్దలది కూడా తప్పు కాదు. మా పూజా నియమాల్లో రెండూ కలిసి ఉన్నాయి. తపస్కాలపు ఆదివారాల్లో మహిమ గీతం పాడం, అల్లెలూయ పాడం. బలిపీఠం మీద పూలు పెట్టం. వాయిద్యాలు పాటకు ఊతంగా మాత్రమే వాడాలి, వాటంతట అవి మోగకూడదు. అంటే శ్రుతి తప్పకుండా హార్మోనియం ఉండొచ్చు, తాళం తప్పకుండా తబలా ఉండొచ్చు. పాట మొదలవకముందు ఐదు నిమిషాల మ్యూజిక్, చరణాల మధ్య కీబోర్డు విన్యాసం, అవి ఉండకూడదు. ఈ ఒక్క నియమం మీ కమిటీలో చెప్పి చూడండి, సగం గొడవ తీరుతుంది.

దీనికి కూడా మినహాయింపు ఉంది. నాలుగో ఆదివారం, ఈ ఏడాది మార్చి 15. ఆ రోజు పూలు పెట్టొచ్చు, వాయిద్యాలు మోగొచ్చు, గురువులు ఊదాకు బదులు గులాబీ రంగు వస్త్రం వేసుకోవచ్చు. సగం దారి దాటాం, పండుగ దగ్గరపడుతోంది అని ఆనందించే రోజు అది. మా విచారణలో (పారిష్‌లో) ఆ ఆదివారం కోసం పిల్లలు ఎదురుచూస్తారు.

సువార్త పాఠాల వరుస చూస్తే ఆదివారం ఎందుకుందో ఇంకా బాగా తెలుస్తుంది. ఈ ఏడాది మాకు మొదటి ఆదివారం అరణ్యంలో శోధన, రెండో ఆదివారం కొండ మీద రూపాంతరం, తర్వాత సమరయ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు. ఎడారిలో మొదలై నీళ్లు, వెలుగు, జీవం దాకా వెళ్లే దారి. ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందబోయేవాళ్లను పూర్వం ఈ పాఠాలతోనే సిద్ధం చేసేవారు. చివరి మూడింటిలో ఒక్కదాన్ని నిదానంగా చదివి వినిపించండి, వినేవాళ్లకు వేరే ఏడుపు పాట అక్కర్లేదు.

ఒంగోలు_బాప్తిస్టు · ఫిబ్రవరి 24

ప్రభువు నామంలో వందనాలు. నేను కాస్త వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా తెలుగు బాప్తిస్టు సంఘాలకు మొదట్లో ఈ నలభై రోజుల పద్ధతి లేదు. 1878లో క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర మాది. అప్పటి మిషనరీలు లెంట్ పాటించమని నేర్పలేదు. ఇప్పుడు మా సంఘంలో కూడా ఈ కాలంలో సాయంత్రపు ప్రార్థనలు పెడుతున్నారు. నేనూ వెళ్తాను, నాకు మేలే జరిగింది.

నా మనసులో ఉన్న భారం మాత్రం చెప్పాలి. డోలక్ వద్దు, చప్పట్లు వద్దు, మాంసం వద్దు అని చెప్పడం తేలిక. యెషయా 58లో దేవుడు అడిగిన ఉపవాసం అది కాదు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు, దిక్కులేనివాణ్ణి ఇంటికి తీసుకురా, కట్లు విప్పు అన్నాడు. ఆదివారం ఆరాధనలో ఆ మాట వినపడకుండా డోలక్ గురించి మాత్రమే తీర్మానం చేస్తే ఏం లాభం? కూలికి పోయే కుటుంబాలు మీ సంఘంలోనూ ఉంటాయి. ఎండలు ముదిరే నెల ఇది. వాళ్ల ఇళ్లలో ఏం వండుతున్నారో కమిటీ అడగాలి.

డోర్నకల్_ఆడబిడ్డ · ఫిబ్రవరి 25

పైన ఒంగోలు అన్నయ్య రాసింది చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా అత్తగారి ఊరు ఖమ్మం వైపు, డోర్నకల్ అధ్యక్ష మండలం. అజరయ్య అయ్యగారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన. ఆయన కాలం నుంచి మా పల్లెల్లో ఉన్న పద్ధతి పిడికెడు బియ్యం. శ్రమకాలంలో దాన్ని ఇంకా పట్టుగా పాటిస్తాం.

మా అత్తమ్మ చేసేది చెబుతాను. పొయ్యి పక్కన మూత ఉన్న పాత డబ్బా ఒకటి ఉంటుంది. పూటకు కొలిచిన బియ్యం కడిగే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. కొలిచాక తీయాలి, అది ముఖ్యం. ముందే వేరే తీసిపెడితే మన పళ్లెంలో తగ్గదు కదా. వేసేటప్పుడు పైకి వినపడకుండా ఏదో ప్రార్థన చేసుకుంటుంది. ఆదివారం డబ్బా గుడ్డ సంచిలోకి వంపి గుడికి తెస్తుంది. కానుకల పాట మొదలవగానే ఆడవాళ్లందరూ వరసగా వెళ్లి ముందున్న చాప మీద పోస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఒకే కుప్ప అయిపోతాయి. ఎవరివి ఏవో తర్వాత ఎవరూ చెప్పలేరు. మిగతా రోజుల్లో ఆ బియ్యం వేలం వేసి డబ్బు సంఘానికి జమ చేస్తారు. శ్రమకాలంలో మాత్రం వేలం వేయరు, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు, ఒంటరి ముసలివాళ్లకు పంచుతారు.

దివిసీమ అన్నా, మీ పద్ధతిలో ఏది తీసేయాలో రాసేటప్పుడు ఏది పెట్టాలో కూడా రాయండి. మా ఆదివారంలో ఆ వరస నడిచేటప్పుడు డోలక్ ఉందా లేదా అని ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట కూడా అడగాలని ఉంది, ఇక్కడ ఆడవాళ్లు తక్కువ కాబట్టి నేనే అడుగుతున్నా. ఆదివారం లెక్కలో లేదంటున్నారు సరే. గుడి నుంచి వచ్చాక మా ఇంట్లో కోడికూర వండమంటారు. వారమంతా నేను నీచు ముట్టను. వండాలా వద్దా, తినాలా వద్దా అని ప్రతి ఏడూ ఇదే తంటా. మీ ఇళ్లలో ఏం చేస్తారు?

గుంటూరు_లూథరన్ · ఫిబ్రవరి 25

అక్కా, మా ఇంట్లో ఆదివారం తింటాం. అమ్మ మాత్రం తినదు. ఆవిడ మానుకున్నది ఆవిడ ఇష్టం, మాకు వండి పెట్టడంలో ఆవిడకు బాధ లేదు. ఒకరి ఉపవాసం ఇంకొకరి మీద రుద్దకూడదనేదే మా పాస్టర్ గారి బోధ.

ఫిరంగిపురం_ఉపదేశి · ఫిబ్రవరి 25

అమ్మా, మా నియమం ప్రకారం మాంసం మానాల్సినవి బూడిద బుధవారం, శుక్రవారాలు. అదీ 14 ఏళ్లు నిండినవాళ్లకు. ఒంటిపూట ఉపవాసం బూడిద బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే, 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. మిగతాది ఎవరి భక్తి వారిది. ఆదివారం తిన్నవాళ్లు వ్రతభంగం చేసినట్టు కాదు, తిననివాళ్లు ఎక్కువ పుణ్యాత్ములూ కారు. కానీ మీరు చెప్పినదాంట్లో ఇంకో సంగతి ఉంది. వారమంతా ఉపవాసం చేసి, ఆదివారం గుడి నుంచి రాగానే పొయ్యి దగ్గర నిలబడేది మీరే. ఆ ఒక్కపూట వంట ఇంట్లో మగవాళ్లు చేయాలని నేను మా విచారణలో చెబుతుంటాను. కొందరు చేస్తున్నారు కూడా.

షుగర్ ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పనివ్వండి. మీ సంఘాల్లో బల్ల (ప్రభు భోజనం) తీసుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని పెద్దలు ఉంటారని నాకు తెలుసు. మాకు దివ్యసత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఒక్క గంటే. మంచినీళ్లు, మందులు ఆ గంటలో కూడా తీసుకోవచ్చు. మార్చి ఎండలో మాత్ర వేసుకుని ఏమీ తినకుండా గుళ్లో కళ్లు తిరిగి పడిపోవడం దేవుడు కోరేది కాదు.

మెదక్_యూత్ · ఫిబ్రవరి 26

నేను డ్రమ్స్ వాయించేదాన్నే, కాబట్టి యూత్ తరఫున రాస్తున్నా. వాయించొద్దు అంటే మాకు కోపం ఎందుకొస్తుందో పెద్దలు అర్థం చేసుకోవాలి. వాయిద్యం తీసేస్తే ఆ గంటన్నర ఆరాధనలో మాకు ఇంకే పనీ ఉండదు. చదివేది పెద్దలు, ప్రార్థన చేసేది పెద్దలు, కానుకలు పట్టేది పెద్దలు. మేం వెనక బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకోవాలి.

మా సంఘంలో పోయినేడు కొత్త పాస్టర్ గారు ఒక పని చేశారు. శ్రమకాలంలో డ్రమ్స్ ఆపమని చెబుతూనే మాకు మూడు పనులు ఇచ్చారు. పాత నిబంధన పాఠం యూత్ చదవాలి. పది ఆజ్ఞలు చదివేటప్పుడు ఒక్కో ఆజ్ఞ ఒక్కొక్కరు, గుడిలో ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచే లేచి చెప్పాలి. ఇక మూడోది మాకు బాగా నచ్చింది. మన సి.ఎస్.ఐ. సంస్కారపు (బల్ల) ఆరాధన క్రమంలో మహిమ గీతం బదులు "పరిశుద్ధ దేవా" అని మొదలయ్యే పాత ప్రార్థన వాడుకునే వీలు ఉంది. తూర్పు సంఘాల నుంచి వచ్చింది. మూడుసార్లు చెప్పి "మమ్మును కరుణించుము" అని ముగించేది. దానికి మమ్మల్నే రాగం కట్టమన్నారు. వాయిద్యం లేకుండా మూడుసార్లూ మూడు స్థాయిల్లో పాడాం, మొదటిది దాదాపు గొంతులోనే. అమ్మాయిలు పై శ్రుతి, అబ్బాయిలు కింది శ్రుతి. రెండో వారానికి సంఘమంతా అందుకుంది.

డ్రమ్స్ వాయించకపోయినా ఆ ఏడాది మావాళ్లు ఎవరూ ఎటూ పోలేదు. కాబట్టి దివిసీమ అన్నా, మీ పిల్లల చేతికి పని ఇవ్వండి.

ఒంగోలు అంకుల్ రాసినదానికి కూడా ఒక మాట. మా మెదక్ గుడి చరిత్ర అందరికీ తెలిసిందే. కరువులో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి పాస్నెట్ దొరగారు కట్టించారు, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ అయింది. అంత పెద్ద గుడి వెనక ఆకలి కథ ఉందని తెలిసినవాళ్లం, శ్రమకాలంలో ఆకలి గురించి మాట్లాడకపోతే ఎలా? మేం మానుకున్న టీ, సినిమా డబ్బులు కవర్లో వేసి మట్టల ఆదివారం (ఈస్టర్ ముందు ఆదివారం) ఇస్తున్నాం.

కువైట్_తెలుగు · ఫిబ్రవరి 27

ఇక్కడ మా పరిస్థితి వేరు. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం అందరం డ్యూటీలో ఉంటాం. అందుకని మా తెలుగు సంఘం ఆరాధన శుక్రవారం. దుబాయ్ వైపు 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు చేశారు గానీ మాకు మారలేదు. అంటే మీరందరూ ఉపవాసం ఉండే రోజే మాకు ప్రభువు దినం లాంటిది. పునరుత్థానపు ఆనందమా, సిలువ దుఃఖమా అని మేం ప్రతి వారం ఒకే గంటలో చూసుకోవాలి.

పైగా హాలు మాది ఒక్కరిదే కాదు. మాకు ఇచ్చిన టైం అయ్యేసరికి మలయాళం వాళ్లో, తమిళం వాళ్లో బయట వరండాలో నిలబడి ఉంటారు. ఒక్క నిమిషం ఆలస్యం చేయడానికి లేదు. అయినా ఈ కాలంలో వాక్యం అయ్యాక రెండు నిమిషాలు మౌనంగా కూర్చుంటున్నాం. ఇళ్లలో పనిచేసే అక్కలు చాలామంది మా సంఘంలో ఉన్నారు. వారంలో వాళ్లకు దొరికే నిశ్శబ్దం అదే అని ఒకామె చెప్పింది. ఇంకో పాట పెడితే బాగుంటుందని కమిటీలో ఎవరో అంటే, ఆమె లేచి వద్దంది.

ఈసారి రంజాన్ నెల కూడా ఇంచుమించు శ్రమకాలం మొదలైన వారంలోనే మొదలైంది. పగటిపూట బయట ఎవరూ తినరు, తాగరు. మా క్యాంపులో ముస్లిం సోదరులు తెల్లవారుజామున లేచే టైంకి మావాళ్లు కొందరు లేచి ప్రార్థన చేసుకుంటున్నారు. ఒకే వంటగది కదా, అలా కుదిరింది.

నిర్వాహకుడు · ఫిబ్రవరి 27

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క మనవి. నాకు మెసేజ్‌లో ఒకరు తమ సంఘంలో జరిగిన గొడవ పేర్లతో సహా రాసి ఇక్కడ పెట్టమన్నారు. సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు దయచేసి వద్దు. పద్ధతుల గురించే మాట్లాడుకుందాం.

దివిసీమ_గళం · మార్చి 9

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మధ్యలో కమిటీ రెండుసార్లు కూర్చుంది. ఇక్కడ మీరు రాసినవి ప్రింట్ తీసి తీసుకెళ్లాను. చివరికి తేలింది చెబుతాను.

హల్లెలూయ పాటలు ఈస్టర్ దాకా ఆపాం. డోలక్ ఉంటుంది, పాటకు తాళం మాత్రమే. ప్యాడ్ తీసేశాం. మొదట పాప ఒప్పుకోలు అయ్యేదాకా ఏ వాయిద్యమూ ఉండదు, పాట నోటితోనే. మెదక్ చెల్లెలు చెప్పిన "పరిశుద్ధ దేవా" మా పిల్లలకు ఇచ్చాం. నిన్న మొదటిసారి పాడారు. రెండోసారికి శ్రుతి జారింది, అయినా పాడారు. హార్మోనియం వాయించే పెద్దాయన, పూర్తిగా నిశ్శబ్దం ఉండాలని గట్టిగా పట్టుబట్టిన మనిషి, ఆరాధన అయ్యాక పిల్లల్ని పిలిచి శ్రుతి ఎక్కడ పట్టుకోవాలో పెట్టె మీద చూపించాడు. శనివారాలు నేర్పిస్తానన్నాడు.

ఆదివారం ఆరాధన దుఃఖదినం కాదని పాస్టర్ గారు వాక్యంలో స్పష్టంగా చెప్పారు, ఆ ఆరు తీసేసే లెక్కతో సహా. శాంతి పంచుకునేటప్పుడు మా క్రమంలో ఉన్నట్టు చెయ్యి చేతిలో పెట్టి ఇస్తాం కదా, ఆ భాగాన్ని మామూలుగా గబగబా కానిచ్చేసేవాళ్లం. ఇప్పుడు వరస చివరి మనిషి దాకా చేరేవరకు ఆగుతున్నాం. పిడికెడు బియ్యం మా స్త్రీల మైత్రి వాళ్లు మూడో వారం నుంచి మొదలుపెట్టారు. మార్చి 15న గులాబీ రంగు ఆలోచన మాత్రం ఒప్పుకోలేదు, మాకు అలవాటు లేదన్నారు. సరే అన్నాను.

ఇక నాకు కావలసింది మట్టల ఆదివారం సంగతి. ఈసారి మార్చి 29. కొబ్బరి మట్టలతో రామాలయం సెంటర్ దాకా ఊరేగింపు ఎప్పుడూ ఉండేదే. ఈసారి గుడిలోకి వచ్చాక మత్తయి సువార్తలోని శ్రమ వృత్తాంతం మొత్తం చదివించాలని పాస్టర్ గారి కోరిక. రెండు అధ్యాయాలు. ఎండలో తిరిగి వచ్చిన పిల్లలు, పెద్దలు అంతసేపు వింటారా?

ఫిరంగిపురం_ఉపదేశి · మార్చి 9

వింటారు, ఒక్కరే చదవకపోతే. మేం ఏటా చేసేది ఇది. కథ చెప్పేవారు ఒకరు, ప్రభువు మాటలు ఒకరు (మాకు ఆ భాగం గురువులు చదువుతారు), పేతురు, పిలాతు, యూదా, దాసి వీళ్లందరి మాటలు ఒకరు. జనసమూహం మాటలు గుడిలో ఉన్నవాళ్లందరూ చెప్పాలి. ఈ చివరిది వదలకండి. ఊరేగింపులో హోసన్నా అన్న నోళ్లే అరగంటలో సిలువ వేయమని అనాల్సి వస్తుంది. మట్టలు ఇంకా చేతుల్లోనే ఉంటాయి. అక్కడ ప్రసంగం అవసరం ఉండదు.

ప్రభువు ప్రాణం విడిచిన వచనం దగ్గర ఆపి అందరూ మోకరించాలి. ఎంతసేపు ఆగాలో ముందే అనుకోండి, లేకపోతే చదివేవాడు కంగారుపడి వెంటనే అందుకుంటాడు. వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను మొదటి నుంచే కూర్చోమనండి. ఊరేగింపు ఎనిమిది లోపు ముగించి, గుడి గుమ్మం దగ్గర మజ్జిగ ఇవ్వండి.

మెదక్_యూత్ · మార్చి 10

పాత్రలు పంచేటప్పుడు పిలాతు మాటలు మీ యూత్‌లో ఎవరికైనా ఇవ్వండి అన్నా, డ్రమ్స్ వాయించే కుర్రాడికైతే ఇంకా మంచిది. కాగితాలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించండి. జనం చెప్పాల్సిన మాటలు మాత్రం బోర్డు మీద రాసి ముందు పెట్టండి, చదువురాని పెద్దవాళ్లకు పక్కనున్న పిల్లలు అందిస్తారు.

డోర్నకల్_ఆడబిడ్డ · మార్చి 10

ఆ దాసి మాటలు, పిలాతు భార్య కబురు ఆడవాళ్ల చేతనే చదివించండి అన్నా. రెండూ చిన్నవే, కానీ ఆ చోట ఆడగొంతు వినపడాలి.

దివిసీమ_గళం · మార్చి 10

అలాగే అక్కా. పిలాతు భార్య మాట మా మైత్రి అధ్యక్షురాలికి, దాసి మాట తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇస్తున్నాం. పిలాతు మీద కుర్రాళ్లు ఇద్దరు పోటీ పడుతున్నారు. మైకులు రెండే ఉన్నాయి, ఒకటి కథ చెప్పేవారికి, ఒకటి మిగతా అందరికీ. మార్చి 28 శనివారం సాయంత్రం రిహార్సల్ పెట్టుకున్నాం. మజ్జిగ సంగతి సంఘ పెద్దలు చూసుకుంటామన్నారు.